కండువా కింద మణికట్టు

ఎద్దుకు మణికట్టు ఎక్కడ ఉంటుందని అడిగితే, దానికి గాజులు వేసుకునే అలవాటు లేదండీ అని జవాబు చెప్పి, నేను డిగ్రీ రెండో సంవత్సరం జువాలజీ ప్రాక్టికల్స్ తప్పాను. అవి ఎనభైల నడిమి సంవత్సరాలు. గుంటూరులో కాలేజీ, ప్రత్తిపాడులో ఇల్లు, మధ్యలో ఎర్రబస్సు.

అడిగినాయన వేరే ఊరి నుంచి వచ్చిన ఎగ్జామినరు. బల్ల మీద ఎద్దు ముందుకాలి ఎముకలు తీగతో కట్టి నిలబెట్టారు. ఆయన స్కేలు కొనతో కాలి మధ్యలో ఉన్న కీలును తాకి, "ఇదేమిటమ్మా?" అన్నారు.

"మోకాలండీ."

"మనిషి ఒంట్లో దీనికి సరిపోయేది?"

"మోకాలేనండీ."

"కాదు. మణికట్టు."

ఇంకొకరైతే అక్కడితో ఊరుకునేవాళ్లు. నేను కొట్లో పెరిగినదాన్ని. ఎదుటివాళ్లు చెప్పిన మొదటి మాటకే సరేననడం మా ఇళ్లలో పరువు తక్కువ. "మా తాతయ్య నలభై ఏళ్లుగా ఎద్దుల బేరాలు చేస్తున్నారండీ. ముందుకాలికి ఉన్నది మోకాలే. ఏ సంతలోనైనా అడగండి" అన్నాను. ఆయన ఓపిగ్గా, మరి మణికట్టు ఎక్కడుందనుకుంటున్నావని అడిగారు. అప్పుడే ఆ గాజుల మాట అన్నది. లాబ్‌లో వెనకెవరో నవ్వారు. ఆ నవ్వు నాకు ధైర్యం ఇచ్చింది, అదే నా ఖర్మ. "పోనీ సగం మార్కులైనా వేయండి సార్. కీలు అన్నంతవరకూ నిజమేగా" అని బేరం పెట్టాను.

ఆయన కాగితం మీద ఏదో రాసుకుని పక్క అమ్మాయిని పిలిచారు. నిజం చెప్పాలంటే ఆ ఒక్క జవాబుకే తప్పలేదు. గబ్బిలం రెక్కను పక్షి రెక్కని రాశాను. కుందేలు భుజం ఎముకను తొడ ఎముకని రాశాను. కానీ ఊళ్లో చెప్పుకోవడానికి ఎద్దు మణికట్టే బాగుంటుంది కాబట్టి అదే చెప్పుకున్నాను.

ఇంట్లో ఎవరూ బాధపడలేదు. నాన్న ముఖంలోనైతే, చెప్పకూడదు గానీ, సంతోషమే కనబడింది. నాన్నది కిరాణా కొట్టు. పెదనాన్నది పక్క వీధిలో పురుగుమందుల కొట్టు. బాబాయిది చీరాలలో బట్టల కొట్టు. ముగ్గురన్నదమ్ముల పిల్లల్లోకీ బేరం బాగా చేసేది నేనేనని అందరూ ఒప్పుకునేవాళ్లు. సబ్బుకని వచ్చిన మనిషిని జీలకర్ర కూడా కొనిపించి పంపగలను. అలాంటి పిల్ల రోజూ బస్సెక్కి వెళ్లి కప్పల్ని కోసుకుంటోందంటే నాన్నకు సరుకు వానలో తడుస్తున్నట్టే ఉండేది.

"పోనీలే తల్లీ. రేపట్నించి గల్లాపెట్టె దగ్గర కూర్చో" అన్నాడు.

"సెప్టెంబరులో మళ్లీ రాయొచ్చు నాన్నా."

"అది మీ తాతయ్యనడుగు. నిన్ను కాలేజీలో వెయ్యమని నా దగ్గర పూచీ పడింది ఆయనే. మళ్లీ పూచీ పడతానంటే నాకేం అడ్డం లేదు."

కాదనే పని ఇంకొకరి నెత్తిన పెట్టడం నాన్నకు బాగా వచ్చు. నాకేమో బళ్లో సైన్సు చెప్పాలని ఉండేది. దానికి డిగ్రీ కావాలి, డిగ్రీకి ఆ ప్రాక్టికల్స్ కావాలి. గల్లాపెట్టె దగ్గర ఒక్కసారి కూర్చున్నానంటే, నా బేరానికి నేనే మురిసిపోయి ఇక లేవనని కూడా నాకు తెలుసు. నా భయం నాన్న గురించి కాదు, నా గురించే.

తాతయ్య అంటే మా అమ్మ తండ్రి. అమ్మమ్మ పోయాక మా వరండాలోనే మంచం వేసుకుని ఉండేవాడు. అద్దంకి నుంచి దర్శి దాకా ఆయన నడవని పశువుల సంత లేదు. కొనేవాడికీ అమ్మేవాడికీ మధ్య బేరం కుదర్చడం ఆయన పని. ఆ బేరం నోటితో జరగదు. ఇద్దరి చేతుల మీదా కండువా కప్పుతారు. దాని కింద ఎన్ని వేళ్లు పట్టుకుంటే అంత. వేలి మధ్య కణుపు నొక్కితే సగం. చుట్టూ ఎంతమంది నిలబడ్డా ధర ఎవరికీ తెలియదు. ముఖాలు మాత్రం వాన గురించి మాట్లాడుకుంటున్నట్టు ఉండాలి. నేను గౌన్లు వేసుకునే రోజుల్లో తాతయ్య నాతో ఆ ఆట ఆడేవాడు. వోణీ వేసుకున్నాక ఆపేశాడు. అప్పటికే ఆయన కళ్లకు పొర కమ్మింది. ఎద్దును చూడడం కంటే తడిమే ఎక్కువ తెలుసుకునేవాడు.

నేను వెళ్లి విషయం చెప్పగానే, "నా పరువు తీశావు గదే. సంతలో ఎంతమందికి చెప్పాను, నా మనవరాలు డిగ్రీ చదువుతోందని" అన్నాడు. "ఇంతకీ ఏ ప్రశ్నకు తప్పావు?"

చెప్పాను. దగ్గొచ్చేదాకా నవ్వాడు.

"అంటే ఎద్దు చేతుల మీద నడుస్తుందంటాడా ఆయన?"

"ముందరి రెండూ చేతులేనట. గిట్ట రెండుగా చీలి ఉంటుంది చూడు, అవి రెండు వేళ్ల గోళ్లట. మనిషి చెయ్యీ, ఎద్దు కాలూ, పక్షి రెక్కా, అన్నింటికీ లోపల ఒకటే కట్టడమట. ఒకప్పుడెప్పుడో అన్నింటికీ ఒకే మూలపురుషుడు ఉన్నాడు కాబట్టి అలా వచ్చిందట."

"ట, ట, ట. నువ్వు నమ్మావా?"

ఆయన దగ్గర అబద్ధం చెల్లదు. "లేదు" అన్నాను.

"నువ్వే నమ్మని సరుకు నాకెట్టా అమ్ముతావే?"

 బేరం వదలకుండా, "నేను నమ్మి, నిన్నూ నమ్మిస్తే?" అన్నాను.

తాతయ్య ముఖంలో సంత కళ వచ్చింది. "బొమ్మలు చూపిస్తే ఒప్పుకోను. బొమ్మలో ఏనుగుకి కూడా రెక్కలు గీయొచ్చు. నా చేతికి చూపించు. కండువా కింద. చేతికి తెలిసిందా, నేనే మీ నాన్నతో మాట్లాడి నిన్ను బస్సెక్కిస్తా. తెలియలేదా, గల్లాపెట్టె."

సెప్టెంబరు పరీక్షకు ఫారం కట్టే ఆఖరు రోజు శ్రావణంలో పడింది. రెండు నెలలు ఉంది. మూడో నెల కూడా ఇమ్మని అడిగాను, అలవాటు కొద్దీ. కుదరదన్నాడు.

మొదట నేను నమ్మాలి. పుస్తకం పదిసార్లు చదివాను, లాభం లేదు. ఒక ఆదివారం కోడికూర తింటున్నాను. రెక్కముక్క నా వంతుకు వచ్చింది. పైన లావుపాటి ఎముక ఒకటి. దాని కింద పక్కపక్కనే రెండు సన్న ఎముకలు. కొసన కలిసిపోయిన చిన్న చిన్న పుల్లలు. ఎన్నేళ్లుగా తింటున్నాను ఆ రెక్కను? ఎడమచేత్తో నా కుడి జబ్బ నొక్కి చూసుకున్నాను, ఒకటి. మోచేతి కింద నొక్కాను, రెండు. తినకుండా చెయ్యి పిసుక్కుంటున్న నన్ను చూసి అమ్మ, "ఏమే, తిమ్మిరెక్కిందా?" అంది.

కోడి సరే. తాతయ్యకు కావలసింది ఎద్దు.

ఊరి చివర, పత్తిచేల గట్టున, చచ్చిన పశువుల తోలు తీసే కుటుంబం ఒకటి ఉండేది. ఆ ఇంటి పెద్దామె ఆదివారాలు చర్చి వాకిలి ఊడ్చేది, మిగతా రోజుల్లో మొగవాళ్లతో సమానంగా కత్తి పట్టేది. నేను సంచిలో ఎండుమిరపకాయలు వేసుకుని వెళ్లాను. కావలసిన వస్తువు వైపు చూడకూడదన్నది మా కొట్టు మొదటి పాఠం. ఆమెను వాన గురించి అడిగాను. పత్తికి తెల్లదోమ గురించి అడిగాను. చెప్పుల తోలు ఈమధ్య దొరుకుతోందా అని అడిగాను.

"ఎముకల కోసం వచ్చారుగా అమ్మాయిగారూ" అంది ఆమె. "ఆ కుప్పకేసి రెండుసార్లు చూశారు. మూడోసారి చూడకుండా ఉండాలని తెగ కష్టపడతన్నారు."

నా విద్య అంతే. "ముందుకాలు ఒకటి కావాలి. మోకాలి దగ్గర చెదరకుండా" అన్నాను.

"ముందుకాలికి మోకాలేంటి?"

ఆమె అంత మామూలుగా అనేసరికి నాకు వెంటనే తట్టలేదు. ఆమె లేచి కుప్పలోంచి ఒక వెనకకాలు ఎముక లాగింది. "మోకాలంటే చిప్ప ఉండాలిగా. చిప్ప వెనక్కాలికే ఉంటది. అదీ ఇంత పైన, పొట్ట పక్కన, తోలు లోపల. బయటి నుంచి చూసేవోళ్లకి కనపడదు. ముందుకాలికి చిప్పే లేదు. గులకరాళ్లుంటాయి." ముందుకాలు ఒకటి తీసి, ఎండిన నరాన్ని కత్తి మొనతో కోసింది. కీలు విడిపోయి రెండు వరసల్లో ఆరు చిన్న ఎముకలు బయటపడ్డాయి, ఒకదానికొకటి ఒదిగి. నా మణికట్టు నేను పట్టుకుని అటూ ఇటూ తిప్పాను. లోపల గులకరాళ్లు కదిలాయి.

ఆ కీలు కిందనున్న పొడుగాటి ఎముక చూపించింది. దాని ముందువైపు నిలువునా సన్నటి గాడి. "ఇది ఒకటి కాదు, రెండు. ఈనకముందే పోయిన దూడల్లో విడివిడిగా ఉంటాయి. తర్వాత అతుక్కుంటాయి. ఈ గాడి ఆ అతుకే." ఆ ఎముక కింద రెండు వేళ్లు, వేలికి మూడేసి కణుపులు, కొసన గిట్టలు. వెనక వేలాడే రెండు చిన్న గిట్టల్ని గోటితో తట్టి, "ఇయ్యి నేలకి తగలవు. ఎందుకున్నాయో ఏమో" అంది.

పుస్తకంలో పది పేజీలు చెప్పలేనిది ఆమె ఒక్క కత్తితో చెప్పింది. ముందుకాలిలో ఉన్న కీలుని మీరేమంటారని అడిగాను.

"మేమేమంటే ఎవరు రాసుకున్నారమ్మా."

మిరపకాయల సంచి ముందుకు జరిపాను. ఆమె దానివైపు చూడనైనా చూడలేదు. "అవి మీ కొట్లోనే ఉంచండి. మీ తాత ఎవరు చెప్పారే అని అడుగుతాడు. అప్పుడు నేను చెప్పానని చెప్పాలి. పుస్తకంలో చదివానని చెప్పకూడదు. ఇష్టమైతే తీసుకెళ్లండి."

ఆ ఊళ్లో, ఆ రోజుల్లో, మా తాతయ్య ముందు ఆ మాట చెప్పడం మిరపకాయలు ఇచ్చినంత తేలిక కాదని ఆమెకు తెలుసు, నాకు తెలుసు. నాకంటే గట్టి బేరగత్తె చేతిలో చిక్కాను. సరేనన్నాను.

ముందుకాలు ఎముకలూ వెనకకాలు చిప్పా ఇంటికి తెస్తే అమ్మ పెరట్లో నుంచి ఇటు రానివ్వలేదు. సున్నం నీళ్లలో నానబెట్టి, బూడిదతో తోమి, నాలుగు ఎండలు చూపించాను. కండువా కింద విడి ఎముకలు పెడితే కలగాపులగం అవుతాయి. అందుకని కొట్లో బస్తాలు కుట్టే దబ్బనం, పురికొస తీసుకుని, గోనెపట్టా మీద వాటిని వరస ప్రకారం కుట్టాను. నాన్న వచ్చి చూసి, "బస్తాలు కూడా ఇంత నీటుగా కుడితే బాగుండేది" అని వెళ్లిపోయాడు.

తాతయ్య సంగతి నాకు తెలుసు. ఎద్దు ఒక్కటీ చాలదు. ఎద్దుకీ మనిషికీ ఏదో సంబంధం ఉందిలే, రెండూ పాలు తాగి పెరిగినవే అని తప్పించుకుంటాడు. ఎదురు చెప్పడానికి వీల్లేని సరుకు ఇంకొకటి కావాలి. ఆషాఢంలో బాబాయి కొట్లో తగ్గింపు ధరల అమ్మకాలకు సాయం చేయాలని చీరాల వెళ్లాను. వెళ్లిన రెండో రోజే మధ్యాహ్నం రిక్షా ఎక్కి సముద్రం ఒడ్డుకు పోయాను. ఎండాకాలానికి ముందు కొట్టుకొచ్చి చచ్చిన పెద్ద తాబేలు డొప్ప ఒకటి ఇసుకలో సగం కూరుకుపోయి ఉందని అక్కడ చేపలు ఎండబెట్టే ఆవిడ చూపించింది. దాని ముందరి తెడ్డు ఎముకలు ఇసుకలోంచి ఏరుకోవడానికి నాకు సాయంత్రం అయింది. ఆ తోలు ఇంటామెకు ఇవ్వబోయిన మిరపకాయలు ఈవిడకు ఇచ్చాను. ఈవిడ తీసుకుని, "పనికిరాని పుల్లలకి గుంటూరు మిరపకాయలా. పిచ్చిపిల్లవే" అంది. నేను బేరంలో నష్టపోయానని ఎవరైనా జాలిపడ్డది అప్పుడే.

బట్టల కొట్లో ఉన్న మిగతా రోజుల్లో ఇంకొకటి కనిపించింది. చీర మడతపెడుతూ పైకి చూస్తే, గుమ్మంలోంచి మూడో దూలానికి ఒక ఇనప కొక్కెం. బట్టల కొట్టుకు అదెందుకు? మా కిరాణా కొట్లో సరిగ్గా మూడో దూలానికే అలాంటిది ఉంది, దానికి కాటా వేలాడుతుంది. పెదనాన్న పురుగుమందుల కొట్లోనూ ఉంది, దానికి ఆయన లాంతరు తగిలిస్తాడు. బాబాయి కొక్కేనికి ఏమీ లేదు, బూజు తప్ప.

"ఇదెందుకు బాబాయ్?"

"ఏమో. కొట్టు కట్టేటప్పుడు వడ్రంగి అడిగాడు, పెట్టమన్నాను. మా నాయన ధాన్యం కొట్లో అక్కడే ఉండేదిగా."

ఆ రాత్రి భోజనం దగ్గర నేను ఆ కొక్కెం గురించి ఎక్కువగా మాట్లాడానని పిన్ని తర్వాత చాలా కాలం చెప్పుకునేది.

ఫారం ఆఖరు రోజుకు ముందు రోజు, వాన వెలిసిన మధ్యాహ్నం, తాతయ్య మంచం మీద కూర్చున్నాడు. నేను ఎదురుగా నేల మీద కూర్చున్నాను. నాన్న కొట్టు వదిలి వచ్చి గుమ్మానికి ఆనుకున్నాడు.

"చచ్చిన ఎద్దు ఎముకలు నాచేత పట్టిస్తావా?" అన్నాడు తాతయ్య.

"నీ చెప్పులు ఏ తోలు తాతయ్యా?"

ఆయన నాన్న వైపు తిరిగి, "దీన్ని గల్లాపెట్టె దగ్గర కూర్చోబెడితే ఊరంతా నీ కొట్టుకే అప్పుపడుతుందయ్యా" అన్నాడు. భుజం మీది కండువా తీసి మా చేతుల మీద పరిచాడు.

మొదట చిప్ప పెట్టాను. అందుకోగానే చెప్పాడు. "మోకాలి చిప్ప. ఎద్దుది. వెనక్కాలు."

"ముందుకాలిది ఎందుకు కాకూడదు?"

చిప్పను వేళ్ల మధ్య తిప్పాడు. నలభై ఏళ్లుగా ఆయన వేల ముందుకాళ్లు తడిమి ఉంటాడు, వాపు ఉందా అని. ఏ ఒక్కదానిలోనూ వేళ్ల కింద చిప్ప జారి ఉండదు.  గోనెపట్టా మీద కుట్టిన ముందుకాలు కీలు ఆయన వేళ్ల కిందకు తోశాను. గులకరాళ్లను ఒక్కొక్కటే తాకాడు. ఆయన రెండో చేతికి నా మణికట్టు అందించాను. ఇటు నొక్కాడు, అటు నొక్కాడు. ముఖం మాత్రం వాన గురించి మాట్లాడుతున్నట్టే ఉంది.

"ఎవరు చెప్పారే నీకిది?"

"ఊరి చివర తోలు తీసే ఆమె."

గుమ్మంలో నాన్న కదిలాడు. తాతయ్య కదల్లేదు. "ఆమెకు తెలుస్తుందిలే. మేం చూసేది తోలుపైన, ఆమె చూసేది లోపల" అన్నాడు. వెంటనే గొంతు మార్చాడు. "అయితే ఏంటి? దోమకీ రెక్కుంది, కోడికీ రెక్కుంది. అవీ చుట్టాలేనా?"

ఇదొస్తుందని నాకు తెలుసు. "దోమ రెక్కలో ఎముక లేదు తాతయ్యా. పని ఒకటే, కట్టడం వేరు. ఎదురింటివాళ్లూ పప్పులే అమ్ముతారు, అంతమాత్రాన నాన్నకు తమ్ముళ్లవుతారా? ఎద్దు కాలూ నా చెయ్యీ అలా కాదు. పని వేరు, కట్టడం ఒకటి."

"దేవుడు ఒకే అచ్చులో పోశాడు. దానికి చుట్టరికం కలపడం దేనికి?"

"చీరాల కొట్లో మూడో దూలానికి కొక్కెం ఉంది, తెలుసా?" అన్నాను. నాన్న తల ఎత్తాడు. "బట్టల కొట్టుకు కాటా అక్కర్లేదు. కొత్తగా బట్టల కోసమే కట్టినవాడైతే అది పెట్టడు. వాళ్ల నాయన కొట్లో ఉంది కాబట్టి పెట్టాడు బాబాయి. ఊరూ పేరూ తెలియనివాడైనా ఆ మూడు కొట్లలోకీ వెళ్లి పైకి చూస్తే ఈ ముగ్గురూ ఒక తండ్రి బిడ్డలని చెప్పొచ్చు. ఎద్దు వెనక వేలాడే రెండు చిన్న గిట్టలు నేలకు తగలవు. పని లేదు. ఎందుకున్నాయి? నువ్వు మాత్రం కోడె మూపురం, గంగడోలు తడిమి ఇది ఏ ఊరి ఆంబోతు సంతానమో చెప్పడం లేదా? ఎవరైనా నీకు చీటీ రాసిచ్చారా? నువ్వు రెండు మూడు తరాలు వెనక్కి వెళ్తావు. వీళ్లు ఇంకా వెనక్కి వెళ్లారు, అంతే."

 ఇంకేమైనా ఉంటే తెమ్మన్నట్టు తాతయ్య వేళ్లు ఆడించాడు.

గోనెపట్టా మీదే కుట్టిన తాబేలు తెడ్డు పెట్టాను. అదేమిటో ఆయనకు చెప్పలేదు. పైన పొట్టిగా లావుగా ఒక ఎముక. కింద రెండు. తర్వాత గులకరాళ్లు. తర్వాత వేళ్లు. ఆయన చూపుడువేలు ఒక్కో వరస మీదా నడుస్తుంటే కండువా గుడ్డ కదలడం చూస్తూ కూర్చున్నాను. ఐదో వరస దగ్గర ఆగింది. మళ్లీ మొదటికి వచ్చింది. పొట్టి వేలు, బొటనవేలు. మళ్లీ ఐదు దాకా వెళ్లింది.

"ఎవరిదే ఈ చెయ్యి?" గొంతు తగ్గించి అడిగాడు. "ఎవరిది తెచ్చావు?"

"చీరాల సముద్రపు తాబేలుది. బయటికి తెడ్డులా ఉంటుంది, వేళ్లు కనపడవు."

నమ్మలేదు. మళ్లీ తడిమాడు. ఈసారి మూడో వేలి దగ్గర ఆగి, తన ఎడమచేతి మూడో వేలిని బొటనవేలితో కణుపు కణుపుగా నొక్కుకున్నాడు. మళ్లీ కండువా కిందకు వెళ్లాడు.

"ఈ ముక్క తిరగేసి కుట్టావే. లావువైపు పైన రావాలి. నా వేలు చూడు, కీలు దగ్గర లావు, ఇట్టా కిందకి సన్నం. నువ్వు తలకిందులుగా పెట్టావు."

కండువా తీసి చూశాను. నిజమే. ఇసుకలో ఏరుకొచ్చిన ముక్కను చిత్తం వచ్చినట్టు కుట్టేశాను. కళ్లు సరిగా కనపడని మనిషి, తాబేలు చేతిలోని తప్పును తన చెయ్యి చూసి దిద్దాడు.

నాన్న కొట్లో చూసి చూసి ఒకటి కనిపెట్టాడు. సరుకు బ్రహ్మాండంగా ఉందని మెచ్చుకున్నవాడు కొనకుండా వెళ్తాడు, వంక చూపించినవాడు కొంటాడు. గుమ్మంలో నాన్న నిట్టూర్పు నాకు వినపడింది. ఆయనకూ అర్థమైంది.

తాతయ్య కండువా మళ్లీ మా చేతుల మీద కప్పాడు. నా చూపుడువేలు పట్టుకుని మధ్య కణుపు నొక్కాడు. నమ్మింది ఇంతే, సగం.

నేను తల అడ్డంగా ఊపలేదు. కండువా బేరంలో తల ఊపకూడదు. ఆయన వేలు మొదలంటా పట్టుకున్నాను. మొత్తం.

ఆయన మళ్లీ సగం నొక్కాడు. నేను మళ్లీ మొత్తం. ఎప్పుడో గౌను రోజుల్లో ఆగిపోయిన ఆట. ఆయన వేళ్లు అప్పటికంటే సన్నబడ్డాయి, ఎముకలు ఇంకా బాగా తెలుస్తున్నాయి. ఒకటి, రెండు, గులకరాళ్లు, ఐదు. నేను వదల్లేదు. చివరికి ఆయన నోరు విప్పాడు. సంతలో ఎన్నడూ చేయని పని.

"సంతలో మాత్రం అది మోకాలే. మణికట్టు అన్నానంటే నా దగ్గర ఎవడూ ఎద్దు కొనడు. నీ పరీక్షలో మణికట్టు అనుకో. కుదిరిందా?"

"కుదిరింది" అన్నాను.

నా వేలు మొదలంటా పట్టుకుని ఒకసారి గట్టిగా నొక్కి వదిలాడు. నాన్న వైపు తిరిగి, "పూచీ నాది" అన్నాడు. నాన్న గుమ్మం వదిలి కొట్టుకు వెళ్తూ, "ఆ దబ్బనం యథాస్థానంలో పెట్టు" అని మాత్రం అన్నాడు.

మర్నాడు తాతయ్య మాట ప్రకారం బస్సు దగ్గరకు వచ్చాడు. దారిలో ముందుగా ఊరి చివరకు వెళదామన్నాను. ఆమె వాకిట్లో తోలు ఆరబెడుతోంది. తాతయ్య గట్టు మీదే నిలబడి, "ముందుకాలికి చిప్ప లేదన్నావట" అన్నాడు.

"లేదండీ" అంది ఆమె, పని ఆపకుండా.

"నలభై ఏళ్లలో నాకు చెప్పలేదే?"

"నలభై ఏళ్లలో నన్నడగలేదుగా."

తాతయ్య నా భుజం పట్టుకుని బస్టాండుకు నడిచాడు.  అక్కడ మిరపబస్తాల బండి ఒకటి ఆగి ఉంది. ఎడమవైపు ఎద్దు ముందు వంగి దాని కాలు తడిమాడు. బండివాడు, అమ్మడానికి కాదు తాతా అన్నాడు. తాతయ్య నిలబడి కండువా దులుపుకుంటూ, "ఇంత బండి రెండు వేళ్ల మీద లాగుతోంది" అన్నాడు, నాతోనో, ఎద్దుతోనో.

సెప్టెంబరులో ఎగ్జామినరు వేరే ఆయన. కుందేలు ఎముక ఒకటి నా ముందు పెట్టారు. నేను కళ్లు మూసుకుని, ఎడమచేత్తో నా జబ్బ పట్టుకుని, కుడిచేత్తో ఎముకను తడమడం మొదలుపెట్టాను. ఏం చేస్తున్నావమ్మా అన్నారాయన.

"ఒక్క నిమిషం ఆగండి సార్. బేరం కుదురుతోంది" అన్నాను.